గడువుకు ముందే

మంచం నుంచి గరిటె దాకా అన్నీ అమర్చిన గదిలో అద్దెకుంటున్న నర్సు వచ్చి ఆ మాట చెప్పగానే ఇంటావిడ గుండె జారిపోయింది.

"ఒప్పందం గడువుకు ముందే గది ఖాళీ చేస్తానండి పిన్నిగారూ."

"ఏం, నా మంచం కిర్రుమంటోందా, నేను సణుగుతున్నానా?"

"రెండూనండి. మంచమే నయం, కదిలితేనే అరుస్తుంది."

"నోరు చూడు! మళ్లీ వేరే ఊరికి తోలేస్తున్నారా ఆసుపత్రివాళ్లు?"

"లేదండి, ఇక్కడే పర్మినెంటు చేశారు. ఇక ఊళ్లు తిరగక్కర్లేదు."

"మరి వెళ్లడమెందుకే?"

"మా ఆయనా పిల్లలూ వచ్చేస్తున్నారు. ఒక్క గదిలో ఎలా సరిపోతాం? మీ పైవాటా ఖాళీయేగా?"

"అక్కడ కుర్చీ కూడా లేదే తల్లీ!"

"ఈసారి మా సామాను మేమే తెచ్చుకుంటాం."

ఇంటావిడ పైవాటా తాళంచెవి చేతిలోకి తీసుకుంది. "పిల్లలు గోడల మీద బొమ్మలు గీస్తారా?"

"గీస్తారండి."

"గీస్తేనే ఇస్తాను."