సముద్రం తిప్పి పంపిన బెంచీ

1992 ఆగస్టు మూడవ తేదీ ఉదయం ఆరు గంటలకు నియామక పత్రం చేతబట్టుకొని మన సముద్రతీర పారిశుద్ధ్య విభాగంలో అడుగిడిన మేస్త్రీగారు, హాజరు పట్టీలో సంతకం చేయకముందే ఇసుకలోంచి ఒక సీసా మూత ఏరి జేబులో వేసుకున్నారు. నేటి పదవీ విరమణ దాకా, ఈ ముప్ఫై రెండేళ్లలో ఆ జేబు ఖాళీగా ఉన్న రోజు లేదు. అందుకే వారు మనందరికీ మూతల మేస్త్రీగారయ్యారు.

తొలి దశాబ్దం తీరాన్ని ఊడ్పించారు. మలి దశాబ్దం ఊడ్చిన ప్లాస్టిక్‌ను రకాలవారీగా వేరు చేయించారు. ఏరిందంతా మరోచోట గుట్టపడటం చూసి మనసొప్పక, పాత సామాను గదిలో కరిగించే యంత్రం పెట్టించి, పూలకుండీలు పోత పోయించసాగారు. కుండీలు కాస్త వంకరగా వచ్చిన మాట వాస్తవం. గాలివాటానికి అలా ఒరిగాయని వారనేవారు, మనం తలూపేవాళ్లం.

ఆ గదిని ఉంచాలా, మూయాలా తేల్చేందుకు పై అధికారిణిగారు వస్తున్నారని తెలిసి, మేస్త్రీగారు తిండీ తిప్పలూ మాని, వేల మూతలతో ఒక బెంచీ చేయించి, అందంగా ఉంటుందని నీటి అంచునే వేయించారు. తేలివచ్చిన ప్లాస్టిక్‌ను ఏరడమే వృత్తిగా గల ఆ మహానుభావునికి, ప్లాస్టిక్ తేలుతుందన్న సంగతి ఆ ఒక్కరోజే తట్టలేదు. తెల్లవారి పోటుకు బెంచీ కాస్తా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వచ్చిన అధికారిణిగారికి నాలుగు గుంతలు కనిపించాయి.

"బెంచీ ఏదండీ?"

"సముద్రంలో ఉందండి."

"ఎవరు పడేశారు?"

"నేనేనండి."

అన్నారే గాని, వారికి ప్రాణం పోయినంత పనైంది. అయినా నియమం నియమమే కనుక, తీరంలో చెత్త వేసినవారి పేర్లు రాసే పుస్తకం తెరిచి, తమ పేరు తామే రాసుకొని, ఎదురుగా 'బెంచీ, ఒకటి' అని చేర్చారు. అధికారిణిగారు మూసివేత ఉత్తర్వుపై సంతకం చేయబోతుండగా, సాయంత్రపు పోటు ఆ బెంచీని తెచ్చి ఒడ్డున దించింది. ఒక్క మూతా ఊడలేదు. ఆమె లేచి వెళ్లి దానిమీద కూర్చున్నారు.

"గట్టిగానే ఉందండీ. కాళ్లలో ఇసుక నింపించండి, చాలు," అని ఉత్తర్వు చింపేశారు. ఆ ముక్కలను మేస్త్రీగారు జేబులో వేసుకున్నారు.

నిన్న వారి శ్రీమతిగారిని పలకరిస్తే ఇలా అన్నారు: "ఆ బెంచీ మీద ఈయన నా పక్కన అయిదు నిమిషాలు కూర్చున్నది లేదండీ. ఎక్కడో ఒక కవరు కనిపిస్తుంది, లేచి వెళ్లిపోతారు."

మాకు సిగ్గేసింది. కనుక, ఇకపై ప్రతి సాయంత్రం ఆ బెంచీ ముందున్న తీరాన్ని ఒక్క మూతయినా మిగలకుండా ముందే ఏరిపెడతామని సిబ్బంది అందరి తరఫున మాట ఇస్తూ, మూతల మేస్త్రీగారు నిండు ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, సతీసమేతంగా అక్కడ కూర్చొని, చీకటి పడేదాకా లేవకుండా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.