సాంచలు ఆగితేనే మా ఆట

మన ఊరి ఫుట్‌బాల్ జట్టును ఆగం జేసింది, ఇగో, మెడల దండలేసుకొని నడుమ కూసున్న గీ లక్ష్మీరాజం సారే. మైకు గుంజుకోకుండ్రి, తిట్టెతందుకు లేవలే. వేదిక మీది పెద్దలకు వరుసగ దండాలు పెట్టుడు నాకు రాదు. సాంచ, గదే మరమగ్గం, నడుపుకుంట అక్షరాలు నేర్చుకున్నోణ్ణి.

ఇప్పటిదాంక మాట్లాడినోళ్లంత, సార్ మున్సిపల్ చైర్మన్‌గ ఉన్న ఐదేండ్లల్ల ఊరికి సబ్‌స్టేషన్ తెచ్చిండని, కరెంటు పోకుండ జేసిండని పొగిడిండ్రు. నిజమే. కని గా కరెంటు పోతేనే మాకు ఆట ఉండేదని ఒక్కలన్న చెప్పిండ్రా?

హైదరాబాదుల పేరున్న క్లబ్బుకు ఆడి, మోకాలు విరిగి, డెబ్బై నాలుగుల వాపస్ వచ్చి మాకు ఆట నేర్పవట్టిండు సార్. జట్టంత మరమగ్గాల కార్మికులే, ప్రాక్టీసుకు టైమేది? సార్ ఉపాయం జేసిండు. కరెంటు పోంగనే ఊర్ల సాంచలన్నీ ఒక్కపారే చప్పుడు బంద్ జేస్తయి గదా, గదే మా విజిల్. ఊరంత కరెంటోళ్లను తిట్టుకుంటుంటే మేం నవ్వుకుంట గ్రౌండుకు ఉరుకుదుం. సార్ ఇంటామె బాలలక్ష్మక్క పొయ్యి మీది కూరను ఇడిచిపెట్టి వచ్చేది. నవ్వకక్కా, నిన్ను సాక్షికి పెడుతున్న.

సాంచల మోతల మాట వినపడదు, గందుకే పని కాడ మేం చేతులతోనే మాట్లాడుకుంటం. సార్ గది పట్టుకుండు, గ్రౌండుల గూడ నోరు తెరవొద్దన్నడు. మంచిర్యాలల రైల్వే జట్టు మీద ఆడిననాడు, బంతి ఇటియ్యి, నీ ఎనుక మనిషున్నడు, అన్నీ చేతులే. రెండు గోల్స్ పడ్డంక వాళ్ల కెప్టెన్ రిఫరీ దగ్గరికి పోయి, వీళ్లు మాట్లాడుత లేరు, ఇందుల ఏదో మోసముందని ఫిర్యాదు జేసిండు. (నవ్వులు.) తిరుగు రైల్ల మాత్రం మా కేకలకు, ఒర్లుడుకు రైలు పెట్టెంత ఖాళీ అయింది.

గా తర్వాత మేమే జెండాలు మోసి సార్‌ను చైర్మన్‌గ గెలిపించుకున్నం. కరెంటు నిలిచింది, ఆట పోయింది. పోయినేడు ఆఫీసుకు పోయి, వారానికి ఒక్కసారన్న కరెంటు తీపియ్యరాదా సార్ అని అడిగిన. పడిపడి నవ్విండు.

"అరే కైలాసం, గా కరెంటు తెచ్చెతందుకు తిరిగి తిరిగి నా రెండో మోకాలు గూడ పోయింది గదరా."

గంత నవ్వి, కిటికీలకెల్లి గ్రౌండు దిక్కు జూసిండు.

ఇయ్యాల్టితో సార్ కుర్సీ దిగిండు. రేపటి సంది గ్రౌండుకు వస్తనంటుండు. మాకు గింతకన్న సంబురం లేదు. కని వచ్చి ఎవ్వలకు నేర్పాలె? సాంచలకా?

సభాధ్యక్షులు, సాంచల యజమానుల సంఘం పెద్ద శ్రీధర్‌రావు గారూ, మీరు సార్‌కు శాలువా కప్పిండ్రు, సంతోషం. సార్‌కు మేం జేసే సన్మానం గూడ మీ చేతులనే ఉన్నది. ప్రతి ఆదివారం పొద్దుగూకే ముంగట రెండు గంటలు సాంచలు బంద్ పెట్టుండ్రి. గంతసేపు మా కూలి గూడ తెగుతది, తెలిసే అడుగుతున్నం. సార్, మీరు బూట్లకు నూనె రాసి తయారుగుండుండ్రి. వచ్చినోళ్లందరికి శనార్థులు.

శ్రీధర్‌రావు గారూ, శుక్రవారం పొద్దుగూకే లోపల జవాబు కావాలె. "చూద్దాం" అంటే అది జవాబు కిందికి రాదు.