సుంకులమ్మ పేరు

సుంకులమ్మని ఒకామె ఉండెనంట, తుంగభద్ర ఏట్లో పుట్టి నడిపేది. పుట్టంటే తెలుసు గదప్పా, వెదురు బద్దలతో గంప మాదిరి అల్లి, కింద తోలు కుట్టి, జనాల్ని ఏరు దాటించేది. మొగుడు గూడా అదే పని చేసి చేసి ఆ ఏట్లోనే పాయె. అప్పుడేమైందంటే, పుట్టి నడిపేటోల్లంతా సర్కారు కచేరీకొచ్చి పేరు రాయించుకోవల్లని దండోరా ఏసినారంట. రాయించుకుంటే రేవులోంచి నిన్నెవురూ ఎల్లగొట్టరు. కానీ పన్ను కట్టల్ల, కచేరీ అధికారి అమీను పిలిచినప్పుడల్లా ఊరికే దాటించల్ల. ఇంగెవురు పోతారు చెప్పండి? పుట్టోల్లంతా ఏం జేసినారంటే, పుట్లు ఇంటికి మోసుకొచ్చి, దొడ్లో బోర్లించి, పైన చొప్ప కప్పి, లోపలికి కోళ్ళను తోలినారంట. అమీనొచ్చి ఇదేందిరా అంటే, కోళ్ళగూడు సామీ అంటారు. కోళ్ళు గూడా లోపల్నుంచి అరిచి సాక్ష్యం చెప్తాయి, ఇంగ ఆయనేం జేస్తాడు!

సుంకులమ్మొక్కతే పోయి రాయించుకునె. ఏమ్మే, నీకేమన్నా పిచ్చా, ఊరికే మోసి చస్తావా అని అందరూ తిట్టినారంట. ఆయమ్మ ఏమన్యాదంటే, "నా మొగుడు పోయినప్పుడు ఎవుడో ఏట్లో మునిగినాడంట అనిరి గానీ, పుట్టి నడిపేటోడు పోయినాడని ఒక్కరన్నా అనిరా? నా పనికి నా పేరుండల్లప్పా, దానికే" అన్యాదంట.

అట్లుండగా ఒక తూరి, ఎండాకాలం పోకముందే ఏరొచ్చె. ఏటి నడిమద్య ఇసక దిబ్బ మీద కలింగర పండ్ల తోట ఏసుకొని మా యమ్మా నాయనా గుడిసెలో ఉండిరి. కొత్తగా పెండ్లయినోల్లు, నేనింకా పుట్టనే లేదనుకో. చుట్టూ నీల్లు కమ్ముకునేసరికి కేకలే కేకలు. పుట్టోల్లు దొడ్లకు పరిగెత్తి, కోళ్ళను తరిమి, పుట్లెత్తి చూస్తే ఏముంది? నీల్లు తగలక తోలంతా ఎండి పెటపెట పగిలి జల్లెడయిపోయింది. సుంకులమ్మ పుట్టి ఒకటే నీల్ల మీదుంది. అందులో అమీను అప్పుడే కాలు పెడ్తాండాడు, అవతల గట్టుకు పోవల్లని. "దిగు సామీ, దిబ్బ మీద మనుసులుండారు" అన్యాదంట. "నన్నిడ్సిపెట్టి పోతే నీ పేరు కొట్టేస్తా" అన్యాడంట. "కొట్టేసుకో" అని తెడ్డేసి పాయె. అంత ఆశపడి రాయించుకున్న పేరు, చూడండి! ఆ నీల్లల్లో గిరగిరా తిరుక్కుంటా పోయి, ఇద్దర్నీ ఎక్కించుకొనొచ్చింది తల్లి.

అమీను అన్నంత పనీ చేసె. అది తెలిసి మర్నాడు పుట్టోల్లంతా కచేరీకి పోయినారంట, ఎవురూ పిలవకుండానే. పన్ను కట్టల్ల, ఊరికే మోయల్ల, అన్నీ తెలిసే పోయినారు. "మా పేర్లన్నీ రాసుకోండి సామీ, కానీ ముందు ఆయమ్మది రాయల్ల. లేకుంటే ఈ రేవులో మిమ్మల్ని దాటించేటోడుండడు" అన్యారంట. అమీను గొణుక్కుంటా రాసె. వరసలో కడాకు మా నాయన నిలబడినాడు. నీకు పుట్టి యాడిదిరా అంటే, లేదు సామీ అన్యాడు. మరేం రాయల్ల? "సుంకులమ్మ దాటించిన మనిసని రాయండి" అన్యాడంట. ఆయన రాసినాడో లేదో నాకు తెల్దు. నన్నెవురన్నా ఎవురి కొడుకువని అడిగితే మాత్రం నేను ఆయమ్మ పేరే ముందు చెప్తా, మా నాయన పేరు ఆ తర్వాతే.