రేపటిదాకా నిలిచే గడ్డ

సభను నడిపిస్తున్న సూపరింటెండెంటు గారికి, పెద్దలకు, నర్సమ్మలకు, గోడవారగా నిలబడ్డ ఆయాలకు, ఈరోజుతో ఉద్యోగం ముగిస్తున్న మా రక్తం డాక్టరుగారికి దండాలు. నన్ను ఈ ఆసుపత్రిలో కేకల మామ్మ అంటారు. (నవ్వులు) నవ్వండి, వెనకాల అనేదే కదా. వయసు ఎనభైకి దగ్గరపడింది. బొంతలు కుట్టి బతికాను. ఇంట్లో నేను, నా కూతురు, దాని కొడుకు. ఒక మనవరాలు కూడా ఉండేది. నాకు అక్షరం ముక్క రాదు గనక, చెప్పింది చెప్పినట్టు రాయమని లాబ్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రాస్తున్నావా తల్లీ? దగ్గినా రాయి.

మనవరాలు బడిలో బల్ల మీంచి పడి నుదురు చీరుకుంది. ఇక్కడికే తెచ్చాం. అప్పటికి ఈ డాక్టరుగారు ఇంకా రాలేదు. అప్పుడున్న డాక్టర్లు చూసి, "గడ్డ కట్టింది, పరీక్షలన్నీ బాగున్నాయి, ఇంటికి తీసుకెళ్లు మామ్మా" అన్నారు. వాళ్లకు దండం పెట్టి మరీ తీసుకెళ్లాను. మర్నాడు తలనొప్పి అని ఏడ్చింది, వాంతి చేసుకుంది, తర్వాత ఏడవలేదు. మెదడులో రక్తం కారిందన్నారు.

నీళ్లొద్దమ్మా, కూర్చో.

తర్వాత వచ్చిన ఈయన నన్ను పిలిపించి, "పెద్దమ్మా, పిల్లలకు బొడ్డు ఊడినప్పుడు రక్తం ఆగకుండా కారిందా?" అని అడిగాడు. ఇద్దరికీ కారింది. అంతకుముందు ఒక్కరూ అడగలేదు. మనవడి రక్తం తీసి, కట్టిన గడ్డను మందునీళ్ల గొట్టంలో వేసి, పక్కనే తన రక్తం గడ్డ ఇంకో గొట్టంలో వేసి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మర్నాడు ఆయన గడ్డ అలాగే ఉంది. నా మనవడి గొట్టంలో తేట నీళ్లు. "నువ్వు కుట్టి చివర ముడి వేయకపోతే ఏమవుతుంది పెద్దమ్మా? ఇదీ అంతే, గడ్డ కడుతుంది గానీ నిలవదు" అన్నాడు.

ఒకే జబ్బున్న ఇద్దరిలో పిల్లకే మెదడులో ఎందుకు కారిందని నిలదీశాను. గడ్డ తొందరగా కరిగిపోకుండా కాపలా కాసే ఎంజైము ఒకటుందట, దాన్ని తయారుచేయించే జన్యువు ఒక్కొక్కరిలో ఒక్కో జోరున పనిచేస్తుందట, ఆ తేడా ఉందేమోనని మాలాంటి ఇళ్లవాళ్ల రక్తం తీసి చూస్తున్నాడట.

"ఉందేమో ఏమిటయ్యా, ఇంత చదివి?"

"ఇంకా తెలియదు పెద్దమ్మా." (నవ్వులు)

తెలియదన్నాడు గనకే నమ్మాను. బాగున్నాయన్నవాళ్లను ముందే చూశాను.

నెలనెలా ఈయన గదిలో, ఆ ముడి వేసే మందు ఎక్కించుకుని నా మనవడు బడికి పోతున్నాడు. రేపటినుంచి ఆ గదికి తాళమట. గడ్డ కట్టిందో లేదో మిషను అక్కడికక్కడే చెప్పేస్తుందట, మందు అవసరమైతే తెప్పిస్తారట. అయ్యా సూపరింటెండెంటు గారూ, అవసరం ఎలా తెలుస్తుంది మీకు? వాడు తల పట్టుకుని ఏడిస్తేనా? నా మనవరాలి గడ్డ కూడా అక్కడికక్కడ కట్టిందే!

(సూపరింటెండెంటు గారు: "చూద్దాం మామ్మా, ఇది సన్మాన సభ.")

సన్మానమే చేస్తున్నాను. ఆయన పని నిలబెట్టడం కన్నా సన్మానం ఏముంది? గొట్టం రేపటిదాకా ఉంచే పద్ధతి మానకూడదు, గది మూయకూడదు, నెల మందు తప్పకూడదు. నేను అడిగేది ఇంతే.

నాయనా డాక్టరూ, నువ్వు ముందే ఎందుకు రాలేదని నీమీద ఎన్నిసార్లు అరిచానో. ఒక్కసారీ తలుపు వేసుకోలేదు. ఈ బొంత నీకు. ప్రతి వరస చివరా ముడి వేశాను, లాగి చూసుకో. విన్నవాళ్లందరికీ దండాలు. సభకు సెలవు, ఆ గదికి మాత్రం కాదు.

చెప్పింది ఇదే. చదివించుకుని విన్నాను.

కేకల మామ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: రక్తం డాక్టరుగారు (సంతకం). రాసిన లాబ్ అమ్మాయి (సంతకం). సూపరింటెండెంటు గారు: రేపు పెడతానన్నారు. రేపటిదాకా ఆ గది గుమ్మంలోనే కూర్చుంటానని మామ్మ రాయమంది.