మిరపకాయల కుప్ప మీదుగా

పెదకాకాని దగ్గర ఒక పల్లె. మిషన్ బడి పంతులు జక్రయ్య కాలికి పిండికట్టు విప్పి వారం దాటింది. శనివారం సాయంత్రం వసారాలో మంచం మీద ఆయన, ఎదురుగా స్టాండు వేసిన సైకిలు, రెంటికీ మధ్య పీట వేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఆయన మేనమామ కూతురూ, భార్యా అయిన ఎలీసమ్మ.

"ముందు గాలి కొట్టించాలిగా."

"కొట్టించా."

"రెండు చక్రాలకీనా?"

"రెంటికీ."

"చైను కూడా వదులుగా ఉన్నట్టుంది..."

"సైకిలు షాపు పీరు వచ్చి బిగించి పోయాడు. నూనె వేశాడు, బ్రేకు పట్టి చూశాడు, బెల్లు కూడా కొట్టి చూశాడు. ఇంకా ఏం సాకు మిగిలింది బావా?"

"సాకు అంటావేందే? బండన్నాక చూసుకోవద్దా?"

"బండికేం, నిక్షేపంగా ఉంది. బాగా లేంది ఎవరికో చెప్పు."

"మోకాలికి."

"మోకాలు బాగుందని డాక్టరుగారు నా ఎదురుగానే చెప్పాడు. సైకిలు తొక్కితేనే వంగిద్ది, మంచం మీద కూర్చుంటే కొయ్యబారిపోద్ది అన్నాడా లేదా?"

"ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు. ఆయన తిరిగేది స్కూటరు మీద."

"సోమవారం బళ్ళో చేరకపోతే నీ పోస్టులో ఇంకొకళ్ళని వేస్తామని కరస్పాండెంటుగారు కబురు పెట్టారు. అదన్నా గుర్తుందా?"

"ఉంది."

"నీ బడి ఉన్న ఊరికి బస్సుందా?"

"లేదు."

"నడవగలవా?"

"పొలిమేర దాకా."

"మరి?"

"యలమందయ్య గారి ఎడ్లబండి ఏమన్నా అటు పోతదేమో అడుగుదామని..."

"యలమందయ్య గారి బండా! ఆయన పేరెత్తడానికి నీకు నోరెట్టా వచ్చింది? ఆయన కల్లంలో మిరపకాయల మీద సైకిలేసుకుని దూకింది ఎవరు?"

"మీద కాదు, మీదుగా. ఆ కుప్ప దాటి అవతల దిగుదామని దూకా."

"దిగావా?"

"కుప్పలో దిగా."

"ఆ చెక్క ఎవరేశారు?"

"నేనే. నేను చూసిన సినిమాలో హీరోకి ఎగరడానికి కొండరాయి ఉంది. మన ఊళ్ళో కొండేదీ? అందుకని కాటా దగ్గర చెక్క తెచ్చి రాయి మీద ఏటవాలుగా పెట్టా. చెక్క ఎక్కేదాకా బ్రహ్మాండంగా ఉందే ఎలీసమ్మా! నిజంగా గాల్లోకి లేచా. ఆ తర్వాతే సైకిలొక దిక్కు, నేనొక దిక్కు, పంచె ఒక దిక్కు."

"లోపల నిక్కరుంది కాబట్టి బతికిపోయాం."

"నన్ను ఎత్తడానికి వచ్చినోళ్ళన్నా సరిగ్గా ఎత్తారా? అక్కడ తొడిమలు తీసే వెంకటరావమ్మ ఎత్తబోయి హాచ్చని తుమ్మి వదిలేసింది. మన అంకయ్య మగోడు గదా, గట్టిగా పట్టుకుంటాడనుకున్నా. వాడు ఇంకా పైకెత్తి తుమ్మాడు. నా కాలు విరిగింది సైకిలు మీదనించి పడ్డప్పుడో, అంకయ్య తుమ్మినప్పుడో ఇప్పటికీ తేలలేదు."

"ఊరంతా వినపడేట్టు ఏడ్చావంటగా?"

"కాలికి కాదే, కళ్ళకి! ఘాటు! పాస్టరుగారు పరిగెత్తుకొచ్చి, అయ్యో ఎంత నొప్పిలో ఉన్నాడో అని ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. తెరవగలిగితే గదా మూసుకునేది!"

"నవ్వించబాక. చేతులు మండుతున్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు."

"నవ్వు, నవ్వు. ఊరంతా నవ్వింది. నువ్వేం పాపం చేశావు?"

"అసలు ఎందుకు దూకావు బావా? పిల్లలకి బుద్ధులు చెప్పే పంతులివి. నలభై దగ్గర పడ్డాయి."

"ఆదెమ్మ వల్ల."

"ఆదెమ్మ తోసిందా?"

"తోయలా. సాయంత్రాలు కల్లంలో ఆడోళ్ళు తొడిమలు తీస్తంటే నేను సినిమా కథలు చెప్తా గదా. నేను చెప్తంటే చేతులు చకచకా ఆడతన్నాయని యలమందయ్య గారే నాకు మజ్జిగ పంపేవాడు. ఆ రోజు ఆదెమ్మ, 'పంతులూ, వాడు దూకాడు వాడు దూకాడని రోజూ ఊదరగొడతావు, నువ్వొకసారి దూకు చూద్దాం' అంది. అందరూ కిసుక్కున నవ్వారు. మజ్జిగ తాగిన మొహం, ఎక్కడ పెట్టుకోను?"

"మిరపకాయల్లో పెట్టావు."

"నీకు వెటకారంగా ఉంది."

"లేకపోతే ఏంది బావా? వాడు మొదట్లో దూకింది పిల్లకాలవన్నావు. ఇంకో నాలుగు రోజులకి వాగన్నావు. కోతలయ్యేసరికి తాడేపల్లి కాడ కృష్ణన్నావు. నది దూకేవోడు ఉండగా గవర్నమెంటోళ్ళకి బ్యారేజీ ఎందుకంట?"

"కథన్నాక కాస్త ఉప్పూ కారం పడాలి. ఉన్నదున్నట్టు చెప్తే అది హాజరు పిలిచినట్టుంటది."

"అదంతా అబద్ధమని తెలిసి కూడా..."

"తెలుసు. నాకు తెలీదనుకున్నావా? ఒక్క తన్ను తంతే పదిమంది ఎగిరి గడ్డివాములో పడతారు. వాము మాత్రం చెదరదు. తుపాకులు అన్నీ వాడి మీదే పేలతాయి, ఒక్కటీ తగలదు. విలన్ గుహలో ఎర్ర బల్బులు వెలిగి ఆరతా ఉంటాయి, వాడికి కరెంటు కోత కూడా ఉండదు. అంతా సొల్లే. అయినా నాకిష్టమే! పొద్దుటినించీ ఎక్కాలు చెప్పి చెప్పి ఎండిన నోటితో ఆ నేల టిక్కెట్టులో కూర్చుని ఒక్క ఈల వేస్తే ఉంటదే ఎలీసమ్మా... ప్రాణం లేచొచ్చిద్ది."

"సరే, ఆ లేచొచ్చిన ప్రాణంతో ఇప్పుడు సైకిలెక్కు. నా ముందర ఒక్క చుట్టు, పాస్టరుగారి ఇంటిదాకా పోయి రా. చాలు."

"రేపు చూద్దాం."

"రేపు ఆదివారం. గుడి కాడ జనమంతా ఉంటారు."

"అయితే సోమవారం పొద్దున్నే."

"సోమవారం బడికి పోవాలి గదా!"

"అదేలే..."

"బావా, ఇటు చూడు. ఏమైంది?"

"నవ్వనంటే చెప్తా."

"నవ్వను. చెప్పు."

"నాకు భయంగా ఉంది."

"దేనికి?"

"దానికి. ఆ సైకిలుకి. నిన్న నువ్వు ఇంట్లో లేనప్పుడు లేచి వెళ్ళి హ్యాండిలు పట్టుకున్నా. పట్టుకోగానే మళ్ళీ ఆ చెక్కే కళ్ళ ముందుకొచ్చింది. వదిలేసి వచ్చి పడుకున్నా. చిన్నప్పటినించీ తొక్కిన సైకిలే. ఇప్పుడు దాన్ని చూస్తేనే గుండె జారిపోతంది."

"నొప్పి కాదన్నమాట."

"నొప్పి ఎప్పుడో పోయింది. నా మూలాన నువ్వు ఇంట్లో కూర్చుని కూలి తొడిమలు తీస్తన్నావు, చేతులు బొబ్బలెక్కినయ్యి. ఆ సంగతి నాకు తెలుసు. సిగ్గుగా ఉంది. అయినా లేవలేకపోతన్నా. ఒకటే ఆలోచన. వాడూ మనిషే, నేనూ మనిషినే. వాడు అంత దూరం ఎగిరి జుట్టు కూడా చెదరకుండా దిగాడు. నేను మూరెడు కుప్ప దాటలేకపోయా. నాలోనే ఏదో తక్కువుంది. ఇక సైకిలు నావల్ల కాదే."

"నిన్న నేను ఎక్కడికి పోయాననుకున్నావు?"

"స్త్రీల సమాజం కూటానికి పోతన్నానన్నావుగా."

"కూటానికి కాదు. సినిమాకి."

"ఆఁ?"

"నీ సినిమా పెదకాకాని డేరా హాలుకి వచ్చింది. ఆదెమ్మ, వెంకటరావమ్మ, నేను, పాస్టరమ్మగారు."

"పాస్టరమ్మగారా!"

"ఆమే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. అయ్యగారికి చెప్పబాక. ఆ హీరోగాడిలో ఏముంది, మా బావలో ఏం లేదు, చూసొద్దామని పోయా."

"చూశావా? ఆ ఎగిరే సీను వచ్చిందా?"

"వచ్చింది. రెప్ప వేయకుండా చూశా. అది పిల్లకాలవే బావా, కృష్ణ కాదు."

"కాలవేలే, ఒప్పుకుంటా. ఎగిరాడా లేదా?"

"ఎగిరాడు."

"జుట్టు చెదిరిందా?"

"చెదరలా."

"మరి! నేను చెప్పేది అదేగా! కాలవైనా, నదైనా, సైకిలు మీద అట్టా ఎగరడమంటే..."

"గుర్రం బావా."

"ఏంది?"

"వాడు ఎక్కింది గుర్రం. ఎగిరింది కూడా అదే. వాడు దాని మీద ఊరికే కూర్చున్నాడు."

"కాదే, నాకు బాగా గుర్తు. సైకిలు... బెల్లు కూడా కొట్టాడు..."

"మొదటిరోజు నువ్వూ గుర్రమనే చెప్పావంట. 'మన ఊళ్ళో గుర్రాలెక్కడియ్యి పంతులూ' అని ఆదెమ్మ అంటే, 'పోనీ సైకిలనుకోండి' అన్నావంట. ఆ రోజునించీ వాడు మన కల్లంలో సైకిలు మీదే తిరుగుతన్నాడు. సినిమా మొత్తం వెతికా బావా, ఒక్క సైకిలు కూడా లేదు."

"అంటే... సైకిలు మీద గాల్లోకి లేచింది..."

"నువ్వొక్కడివే."

"వాడు లేవలేదా?"

"వాడికంత గుండె ఎక్కడిది?"

"స్టాండు తియ్యవే, ఎలీసమ్మా."