అడుగున ఉన్నవాళ్లు

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మేనేజరు అప్పారావు గది. కూర్చోమన్నా కూర్చోకుండా, చేతిలో కాగితంతో నర్సు రామతులసి నిలబడి ఉంది.

"సంతకం పెట్టమంటే అట్టా చూస్తావేంది?"

"ఏం రాశారో చదువుతన్నా సార్."

"చదివేదేముంది? మాబున్నీసా వార్డులో పని చెయ్యట్లేదని. పోయిన నెల కంప్యూటర్లో నీ మార్కులే ఫస్టు, ఆమెవి అడుగున. ఆమెని పంపించేస్తే ఇన్‌ఛార్జి నువ్వే."

"అక్క పని చెయ్యకపోవడమేంది సార్? వార్డులో మీరు చూట్లేదా?"

"నేను చూస్తే ఏం లాభం? సెలైన్ ఎవరు పెట్టారు, బీపీ ఎవరు చూశారు, అన్నీ అందులో ఎక్కాల. పోయిన నెల ఆమె పేరు మీద ఏమన్నా ఎక్కిందా?"

"ఎక్కలేదు."

"మరి? అదే నేను చెప్పేది."

"సూదులూ, సెలైన్లూ, కట్లూ అక్క చేసింది. కంప్యూటర్ ముందు నేను కూర్చున్నా. ఆమె చేసిందంతా నా పేరుతో ఎక్కించా."

"అంటే... నువ్వు చెయ్యనిది చేసినట్టు కొట్టావా?"

"కొట్టా. చెరో పని పట్టుకుంటే వార్డు తొందరగా తెమిలిద్ది. పేరు ఎవరిదైతే ఏంలే అనుకున్నాం. దాన్ని పట్టుకుని మనిషిని తీసేస్తారని మాకేం తెలుసు?"

"ఆ మాట బయట అనబాక. ముందు నీ ఉద్యోగం పోద్ది."

"పోనీయండి."

"పోనీయడమేంది, పోనీయడం? సరే, నేనేం విన్లేదు. సంతకం పెట్టి పో."

"పెట్టను."

"నువ్వు కాకపోతే ఇంకో నర్సు, సాహితి పెట్టిద్ది."

"అడగండి. ఆమే కాదు, ఎవరూ పెట్టరు."

"మీ సంతకాలు లేకపోయినా ఆగదులే. ఈ నెల మార్కులు చూసి అడుగునున్నోళ్ళని తియ్యమని పెద్ద డాక్టరు గారు చెప్పారు. నా చేతుల్లో ఏం లేదు."

"అడుగునున్నోళ్ళంటే ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే. కంప్యూటర్ ఏం చెబితే అది."

"ఈ నెలవి ఇంకా తీసి చూళ్ళేదు గదా?"

"సాయంత్రం తీస్తా. ఏం?"

"పోయిన నెల మార్కులు గోడకంటించారు గదా, అక్క అక్కడే నిలబడి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మర్నాటి నుంచీ ఎవరు ఏ పని చేసినా నర్సులందరం అక్క పేరుతోనే ఎక్కిస్తన్నాం సార్. ఇప్పుడు అడుగునుంది ఆమె కాదు, మేమందరం."