గోడ రాసిన పాటలు

ఆ కుర్చీలో కాదు టీరా, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. బన్ను తీసుకో. ఊఁ, యూల్వా, ఆవిడ బ్యాండు గురించి కదా నువ్వడిగింది? నలభై ఏళ్లుగా ఈ నార్‌షోపింగ్ ఊళ్లో ఒక్కరు తలుచుకోలేదు వాళ్లని. ఇప్పుడు నీకు పాత సామాన్ల సంతలో రికార్డు దొరికిందని, మళ్లీ వేయిస్తానని పరిగెత్తుకొచ్చావ్. నలుగురు ఆడపిల్లలు, నలుగురూ ఈ బిల్డింగులో మా సి గుమ్మం మెట్లెక్కేవాళ్లే, అందుకని బ్యాండు పేరూ సి గుమ్మమే. వేసిన రికార్డులు మూడొందలు, అమ్ముడైనవి ఎనభై ఎనిమిది. మిగతావి నేలమాళిగలో నీళ్లొచ్చి... సరే, అది వేరే కథ. సాధన ఎక్కడ చేసేవాళ్లనుకున్నావ్? కింద అందరం వంతులేసుకుని బట్టలుతుక్కునే గదిలో! గురువారం నాలుగు నుంచి ఏడు దాకా ఆ వేళ తనదని వంతుల బోర్డు మీద యూల్వా తన తాళం బిగించేసేది, ఇంకెవరూ రావడానికి లేదు. మిషన్లో రెండు తువ్వాళ్లు పడేసి తిప్పేవాళ్లు, ఆ చప్పుడులో డ్రమ్ములు కలిసిపోతాయని. కలిసిపోతాయా! మూడో అంతస్తులో నా కప్పులు గలగలమనేవి. వెళ్లి తలుపు కొట్టొచ్చుగా అంటావా? నువ్వూ ఈ స్వీడన్‌లోనే పుట్టావుగా, మొహం మీద అడగడం మనకుందా, నువ్వు కొడతావా? అందరిలాగే కాగితం రాసి ఆ గది గోడకి అతికించాను, పేరు పెట్టకుండా. చప్పుడని రాస్తే నేనేనని తెలిసిపోతుందని ఇంకోటి పట్టుకున్నాను. "ఆరబెట్టే మిషన్ జాలీలో బట్టల నూగు వదిలేసినవాళ్లు సిగ్గుపడాలి. మీ నూగు తియ్యడానికి పుట్టలేదు మేము."

ఏం, బన్ను గొంతుకి అడ్డం పడిందా? అదే, నీ రికార్డులో మొదటి పాట. పత్రికలో రాశావే, "మగలోకం మీద ఒక తరం ఆడవాళ్ల అరుపు" అని, ఆ అరుపు నాది, ఈ మగాడిదేనమ్మాయ్! అట్ట మీద "మాటలు: గోడ" అని ఉందంటే మరేంటనుకున్నావ్? రాసేది ఎవరో మిగతా ముగ్గురికీ తెలీదులే. కాగితాలు చింపి తెచ్చేది యూల్వాయే. ఒకరోజు మెట్ల మీద ఎదురై, ఇలా తన నడుం మీద చెయ్యేసుకుని, "ఏం స్తూరెగారూ, ఈ వారం కోపం రాలేదా? రెండో పాటకి మాటల్లేవు మాకు" అంది. నా చెవులు ఎర్రబడిపోయాయి. ఆ గురువారం ఏడింటికి కిందికెళ్లి జాలీ లాగి చూశాను. తళతళా మెరుస్తోంది. అయినా అక్కడే నిలబడి రాశాను. ఏడాదిలో పదకొండు కాగితాలు. రికార్డులో పదకొండు పాటలు, లెక్క సరిపోయిందా? నూగు ఉన్నది మొదటిదానికే.

మనసులో మాట తనకి చెప్పలేదా అంటే... ఏం చెప్పాలి? యూల్వాకి ముప్పైనాలుగేళ్లకే ఆ జబ్బు. ఆస్పత్రికెళితే, "పన్నెండోది ఏదీ?" అంది. వచ్చే వారం తెస్తానన్నాను. అప్పటిదాకా తను ఉండలేదు.

కొత్త అట్ట అచ్చుకెళ్లేది ఎల్లుండా? వద్దు, నా పేరెందుకు, గోడ అనే ఉంచు. అయ్యో, నాలుగైపోతోంది, గురువారం నా వంతు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లున్నారే, జాలీ తుడవరు, ఇంత మందాన నూగు. నేనేం రాయట్లేదులే. ఆ బట్టల సంచీ ఇలా అందుకో.